పదకొండు బొటనవేళ్ళు

ప్రొద్దుటూరు,
జూన్ 11

కోదండపాణి సారుకు,

జమ్మలమడుగు రోడ్డు నూనె మిల్లులో పదిహేడేళ్ళు వేరుశెనగ గింజలు ఏరిన శాంతకుమారి నమస్కారాలు. మొన్న ఫోను చేస్తే మీ కోడలు ఎత్తి, "మామకు చెవులు శుద్ధంగా పోయినాయక్కా, ఏమున్నా రాసి పంపియ్, సదువుకుంటాడు" అంది. కాయలు ఒలిచే మిషను పక్కనే కుర్చీ వేసుకుని ముప్పై రెండేళ్ళు హాజరు మస్టరు రాసిన మనిషికి చెవులు ఎట్లా మిగులుతాయిలే అనుకున్నాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మన మిల్లు మూతబడి రెండేళ్ళు అయింది కదా. ఓడల్లో పామాయిలు వచ్చి పడ్డాక బజ్జీల బండివాడు కూడా శెనగనూనె ముఖం చూడటం మానేశాడు. షావుకారు మిషన్లను తూకానికి అమ్మేసి, అదే గోడౌనులో పామాయిలు డిపో పెట్టుకున్నాడు. ఆయనకు ఒక నూనె పోతే ఇంకో నూనె వచ్చింది. మాకు మాత్రం ఏమీ రాలేదు.

ఇప్పుడు సర్కారు ఒక సాయం ప్రకటించింది. విదేశీ సరుకు దెబ్బకు మూతబడిన మిల్లుల్లో పని పోయినవాళ్ళకు ఏడాది పాటు నెలనెలా భృతి ఇస్తారట. కొత్త పని నేర్పించి, దానికి కావలసిన మిషను కొనుక్కోవడానికి కూడా సాయం చేస్తారట. షావుకారు ఇచ్చిన పేర్ల జాబితా పోయిన సోమవారం ఆఫీసు గోడకు అంటించారు. నేనూ, నా పక్కనే కూర్చుని గింజలేరిన మాబున్నీ పొద్దున్నే పోయి కిందికీ పైకీ వెతికాం. నా పేరు లేదు. మా అత్త పేరు ఉంది. "లక్ష్మీకాంతమ్మ, గింజలు ఏరే విభాగం, 1982 నుంచి మిల్లు మూతబడే వరకు. వయసు డెబ్బై తొమ్మిది. వయసు మించినందున భృతికి అర్హురాలు కాదు."

మా అత్త పోయి పదిహేనేళ్ళు అయింది సార్. ఆ రోజు మీరే వచ్చి దండ వేశారు.

ఇది ఎట్లా జరిగిందో మీకు నేను చెప్పాలా? అయినా రాస్తాను. రేపు ఈ ఉత్తరం ఇంకొకరికి చూపించాల్సి రావచ్చు. మన మిల్లులో గింజలు ఏరే చోటు అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి వచ్చేది. మోకాళ్ళు పడిపోయినామె తన చేటను కొత్తామె చేతికిచ్చి ఇంటికి పోయేది. చేటతో పాటు పేరు కూడా ఇచ్చి పోయేది. 2005లో మా అత్త నన్ను మీ ముందు నిలబెట్టినప్పుడు మీరు తల ఎత్తకుండానే అడిగారు.

"ఎవురమ్మీ?"

"లక్ష్మీకాంతమ్మ కోడల్ని సార్."

"అట్లయితే ఈ పొద్దు నుంచి నువ్వే లక్ష్మీకాంతమ్మవి. పో, చేట పట్టు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నేను చేసిన తప్పు. అత్త చోటు నాకు దక్కిందన్న సంబరంలో నా పేరు ఏమైందని అడగలేదు. ఇప్పుడు లెక్క తీస్తే ఇట్లాంటివాళ్ళం పదకొండు మందిమి తేలాం.

ఆగస్టు ఆఖరున జమ్మలమడుగులో విచారణ పెట్టారు. మీరు ఒక్క కాగితం రాసివ్వండి సార్. 2005 నుంచి ఆ చోట పని చేసింది శాంతకుమారి అని రాసి కింద సంతకం పెట్టండి. అంతకు మించి అడగను.

శాంతకుమారి

*

పులివెందుల,
జూన్ 20

లక్ష్మీకాంతమ్మ కోడలికి కోదండపాణి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. అక్షరం గుండ్రంగా ఉంది, తప్పులు రెండే. చెవుల మాట నిజమే. ఫోను పెట్టుకుంటే మనుషుల గొంతు బదులు మన మిషను మోతే వినిపిస్తుంది. షావుకారు దాన్ని తూకానికి అమ్మినా నా తలలో ఇంకా నడుస్తూనే ఉంది.

నీ బాధ న్యాయమైనదే, కాదనను. కానీ న్యాయం ఒక దారిన పోతే కాగితం ఇంకో దారిన పోతుంది. ఇది కాగితాలు రాసి జుట్టు నెరిసినవాడి మాట. ఆ జాబితా కింద చిన్న అక్షరాలతో ఇంకో సంగతి ఉంటుంది చూడు. కార్మికురాలు చనిపోయి ఉంటే వారసులకు ఒకేసారి కొంత సాయం ఇస్తారు. నీ మొగుడు నాగేంద్ర ఆమె కన్నకొడుకు. ఆ దారిన పోతే ఏ పేచీ లేదు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నువ్వు మొండికేస్తే ఆ కాస్త కూడా దక్కదు.

నన్ను కాగితం రాసివ్వమన్నావు. డెబ్బై దాటిన వయసు నాది. ఎవరు ఏ ఏడు చేరారో ఇప్పుడు ఏం గుర్తుంటుంది? చూసి చెబుదామంటే ఆ రిజిస్టర్లను ఎప్పుడో చెద తినేసింది. పైగా షావుకారు మనందరికీ అన్నం పెట్టినవాడు. ఆయన మీద నేను ఏం రాస్తాను?

మీ అత్త ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా గొంతెత్తి మాట్లాడలేదు. ఆ మాబున్ని వెంట తిరిగి ఆమె పేరు చెడగొట్టకు.

ఇట్లు,
కోదండపాణి

*

ప్రొద్దుటూరు,
జూలై 2

కోదండపాణి సారుకు,

నా పేరు శాంతకుమారి. కవరు మీద ఆ పేరే రాయండి. మీరు రాసింది చూసి పోస్టుమాను "లక్ష్మీకాంతమ్మ కోడలంట, యాడుంటాదమ్మా" అని వీధి వీధంతా అడుక్కుంటూ వచ్చాడు.

మా అత్త గొంతెత్తలేదని మెచ్చుకున్నారు. అంతకాలం దుమ్ములో కూర్చుని, మోకాళ్ళు అరగదీసుకుని, ఆమె వట్టి చేతులతో గేటు దాటింది. గొంతెత్తనందుకు ఆమెకు దక్కింది అదీ. నాకు ఆ మంచిపేరు వద్దు.

నిన్న ఆఫీసుకు పోయాం. అక్కడ కూర్చున్నాయన మంచివాడే, కానీ ఆయన ముందు ఉన్నది మిల్లు వాళ్ళిచ్చిన కాగితం. జాబితాలో ఉన్న పేరే ఆయనకు మనిషి. మాబున్నికి మండింది. ఆమె తన తల్లి చోటులో చేరింది కదా, ఆ తల్లి పోయి పదేళ్ళు.

"మా యమ్మ కబరులో నుంచి లేసొచ్చి గింజలేరిందా సార్? దినామూ పొద్దన ఎనిమిదింటికి లేసొచ్చి, సాయంత్రం మళ్ళా పోయి పండుకునిందా? శానా మంచి డ్యూటీ గదా!"

వరుసలో ఉన్న జనమంతా నవ్వారు. ఆయన కూడా నవ్వాపుకుని, "నేను నమ్ముతాండానమ్మా. నమ్మేది రాయలేను గదా. రుజువు తెండి" అన్నాడు.

రుజువు ఏమిటా అని రాత్రంతా ఆలోచించాను. అప్పుడు మీ ఉత్తరం మళ్ళీ చదివాను. నా ఉత్తరంలో రిజిస్టర్ల ఊసే లేదు సార్. మిమ్మల్ని అడిగింది ఒక్క కాగితం. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చెద తినేసిందని మీ అంతట మీరే రాశారు. మిల్లు మూసిన రోజు మీరు ఆటోలో ఎక్కించుకుపోయిన గోనె మూటలో ఏముందో మేమెవరమూ అడగలేదు.

ఇంకో సంగతి చెబుతాను. నా మొదటి కూలి రోజున సంతకం పెడతానని పెన్ను అడిగాను. మీరు గుర్రుమన్నారు. "మీ యత్తకు సదువు రాదు. నువ్వు సంతకం పెడితే పేరు మారినట్టు తెలిసిపోతాది. ముద్దరెయ్." పదో తరగతి పాసైనదాన్ని పదిహేడేళ్ళు మీ ముందు బొటనవేలు చాపాను. ప్రతి శనివారం ఇంటికి పోయి ఆ సిరా కడుక్కునేటప్పుడు నా మీద నాకే కోపం వచ్చేది. ఇప్పుడు తెలుస్తోంది. ఆ రిజిస్టరులో పేరు మా అత్తది, వేలు నాది. సంతకమైతే ఎవరైనా అత్త పేరు రాయగలరు. వేలిముద్ర ఎవరిది వాళ్ళదే. ఆ మాట మాబున్నికి చెప్తే ఎగిరి గంతేసింది.

పదకొండు మందిమీ ముద్రలే వేశాం. మీరు మా పేర్లు మింగేశారు కానీ మా వేళ్ళు మీ దగ్గరే ఉన్నాయి. ఆ రిజిస్టర్లు ఇవ్వండి.

శాంతకుమారి

*

పులివెందుల,
జూలై 16

శాంతకుమారికి,

రెండు వారాలు జవాబు రాయకుండా ఉండటానికి చూశాను. ఉండలేకపోయాను.

చెద మాట అబద్ధం. రిజిస్టర్లు నా మంచం కిందే ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి ఎండలో పెడతాను కూడా. నీకు చెప్పిన అబద్ధమే షావుకారు మేనేజరుకూ చెప్పాను. ఏప్రిల్‌లో వచ్చి, "ఆ పాత బుక్కులేమన్నా ఉంటే కాల్చేయ్ సారూ" అని కాగితం మీద రాసి చూపించాడు. ఉంటే కదా కాల్చడానికి అన్నాను. కాల్చడానికి చెయ్యి రాలేదు. నా చేతిరాత అమ్మా అదంతా. తప్పో ఒప్పో, నేను చేసిన పని ఈ లోకంలో అదొక్కటే మిగిలింది.

మరి ఇవ్వవచ్చు కదా అంటావు. నా కొడుకు రవిశంకర్ పని చేస్తున్నది ఎక్కడనుకున్నావు? షావుకారు ఇక్కడ తెరిచిన పామాయిలు డిపోలో. టాంకరు వస్తే కొలతలు రాసుకునేది వాడే. ఇద్దరు పిల్లలు. ఆ రిజిస్టరు జమ్మలమడుగులో తెరుచుకున్న మరునాడు వాడి పని ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. అందులో దొంగ పేర్లు రాసిన చెయ్యి షావుకారుది కాదు, నాది. మొదట పట్టుకునేది నన్నే.

నీకు సిగ్గు లేకుండా చెబుతున్నాను. నాకు భయం. నన్ను వదిలెయ్.

కోదండపాణి

*

ప్రొద్దుటూరు,
ఆగస్టు 6

కోదండపాణి సారుకు,

మిమ్మల్ని వదిలేద్దామనే అనుకున్నాను. మీ భయం చదివాక నాకు కోపం పోయి దిగులేసింది. రవిశంకర్‌ను చిన్నప్పుడు మిల్లులో చూశాను. నూనె తీసిన శెనగ చెక్క ముక్కలు నములుతూ మా మధ్య కూర్చునేవాడు. వాడి నోటి దగ్గర కూడు లాక్కోవాలని నాకు లేదు. అందుకే అడగడానికి కాదు, జరిగింది చెప్పడానికి రాస్తున్నాను.

ఇంట్లో నాకు పెద్ద యుద్ధమే అయింది. మా ఆయన నాగేంద్ర ఆటో పెట్టి వచ్చి అన్నం ముందు కూర్చుని, "పేరుదేముంది మే? మా యమ్మ పేరే గదా. ఎవురిదో అయితే కాదుగదా. వారసుల దుడ్లు తీసుకుని గమ్మునుండు" అన్నాడు. తన తల్లి పేరును నేను చెరిపేస్తున్నానని ఆయన బాధ. నేను ఒకటే చెప్పాను. "మీ యమ్మ ఇరవై మూడేండ్లు చేసింది. నేను పదిహేడేండ్లు చేసినా. మా ఇద్దరి రెక్కల కష్టాన్నీ కలిపి ఒక ముసలామె కింద కట్టినారు. ఆమెకూ ఏమీ ఇయ్యలేదు, నాకూ ఏమీ ఇయ్యరంట. నేను ఆమె పేరు చెరిపేది కాదు, ఆమెది ఆమెకు ఇమ్మంటాండా." ఆయన సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం షావుకారు మేనేజరు మా ఇంటికే వచ్చాడు. పెద్ద ప్రేమగా కాఫీ అడిగి తాగాడు. తర్వాత ఒక కాగితం తీసి మా ఆయన ముందు పెట్టాడు. లక్ష్మీకాంతమ్మ పోయిన సంవత్సరం చనిపోయిందని అందులో రాసి ఉంది. మిల్లు మూతబడినాక పోయినట్టు ఉంటేనే వారసులకు సాయం వస్తుందట. మరణ ధ్రువపత్రం సంగతి తానే చూసుకుంటానన్నాడు. సంతకం పెడితే చాలునట.

నేను నోరు తెరిచేలోపల మా ఆయన లేచాడు సార్. ఆ కోపం నేను ఇరవై ఏళ్ళ కాపురంలో చూడలేదు. "మా యమ్మ పోయింది మాఘమాసం, బహుళ పంచమి. యాడాది యాడాదికీ ఆ పొద్దు ఉపాసముండి పిండం పెడతాండా. ఆమెను ఇంగోసారి సంపమంటావా? ఏ తిథికి సంపల్ల చెప్పు?" మేనేజరు కాగితం కూడా తీసుకోకుండా చెప్పులు వేసుకున్నాడు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. అదీ విచారణకు తీసుకుపోతాను.

మా ఆయన ఇప్పుడు నాకంటే మొండి. పదకొండు మందినీ తన ఆటోలోనే జమ్మలమడుగు తీసుకుపోతానంటున్నాడు. రెండు ట్రిప్పులు వేస్తాడట.

ఇరవై తొమ్మిదో తేదీ మేము పోతున్నాం. మీరు రిజిస్టర్లు ఇచ్చినా పోతాం, ఇవ్వకపోయినా పోతాం. అవి లేకపోతే బల్ల మీద బొటనవేలు పెట్టి, దీన్ని ఎక్కడన్నా వెతికించండి అని అడుగుతాను. మీ మంచం కింద ఉన్నాయని మాత్రం చెప్పను. మీ భయాన్ని మీరు నాకు నమ్మి చెప్పారు. దాన్ని బజారులో పెట్టను.

శాంతకుమారి

*

పులివెందుల,
ఆగస్టు 25

శాంతకుమారికి,

నీ ఉత్తరంలో ఆఖరి మాటలు నన్ను మూడు రోజులు పడుకోనివ్వలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రవిశంకర్‌ను కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. నా వైపు మాటలే, వాడు చెప్పేది నాకు వినపడదు కదా. వాడు లేచి బయటికి పోయాడు. రెండు రోజులు నా ముఖం చూడలేదు. మూడో రోజు పలక లాగా ఒక అట్టముక్క తెచ్చి దాని మీద రాసి చూపించాడు. "నేనే తీసుకుపోతా. నువ్వు బస్సెక్కలేవు." అంతే రాశాడు. వాడికి తల్లి పోలిక, మాటలు తక్కువ.

ఇంతకాలం నీకు చెప్పనిది ఒకటి ఉంది. పేర్లు మార్చకపోవడం ఏదో వాడుకగా జరిగిపోయిందని అనుకుంటున్నావు. కాదు. మీ అత్త మానుకున్న ముందు రోజు నేనే షావుకారును అడిగాను, కొత్తమ్మాయి పేరు రాయమంటారా అని. ఆయన అన్నమాట నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "పేరు మారిస్తే ముసిలామెకు గ్రాట్యుటీ లెక్క తీర్చల్ల, కొత్తామెకు పర్మినెంటు కాగితం ఇయ్యల్ల. పేరు మానకపోతే మనిషి మాననట్టే గదా, రాయ్." రాశాను. నీతో మొదలుపెట్టి పదకొండు సార్లు అట్లాగే రాశాను. ఒక్కసారి కూడా కలం ఆపలేదు, అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఈ సంగతంతా విడిగా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాను. రిజిస్టర్లతో పాటు రవిశంకర్ తెస్తాడు. 2013 పుస్తకం జాగ్రత్తగా చూడమను. ఎందుకో నీకు తెలుసు.

కోదండపాణి

*

జమ్మలమడుగు బస్టాండు,
ఆగస్టు 29

కోదండపాణి సారుకు,

రవిశంకర్ ఇంటికి చేరి మీకు అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి చూపించి ఉంటాడు. నాకు నాలుగు మాటలతో ఆగదు. బస్టాండు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మా ఆయన మొదటి ట్రిప్పు వాళ్ళను దింపడానికి పోయాడు.

పదిన్నరకు పిలిచారు. విచారణ చేసేది ఒక మేడం. షావుకారు తరఫున మేనేజరు నీటుగా వచ్చాడు. ఈ ఆడవాళ్ళు సీజన్లో వచ్చిపోయే కూలీలనీ, వీళ్ళ పేర్లు ఎన్నడూ మిల్లులో లేవనీ చెప్పాడు. అప్పుడు రవిశంకర్ గోనె మూట భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. మేనేజరు వాడిని చూసి "నువ్వేందిరా ఈడ?" అన్నాడు. వాడు మూట విప్పి బల్ల మీద పుస్తకాలు పేర్చి, వాటి పైన మీరు సంతకం పెట్టిన కాగితం పెట్టాడు. ఆ దుమ్ము వాసనకు మాబున్ని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఎంత తిట్టుకున్నా అది మేము బతికిన చోటు కదా.

మేడం మా అందరి ముద్రలూ తీసుకుని భూతద్దంతో చూస్తూ ఉంటే మేనేజరు, "అన్ని వేళ్ళూ ఒకమాదిరే ఉంటాయి మేడం" అన్నాడు. నేను 2013 పుస్తకం తెరవమన్నాను. ఆ ఏడు ఆషాఢంలో మిషను బెల్టుకు నా బొటనవేలు పడి నిలువునా చీలింది. కుట్లు వేయించుకున్న వారానికే మీరు ముద్ర వేయమంటే నొప్పికి అరిచాను. అప్పటిదాకా లక్ష్మీకాంతమ్మ పేరు పక్కన నిండు ముద్ర ఉంది. ఆ తర్వాత ప్రతి శనివారమూ మధ్యలో తెల్లగా ఒక గీత ఉంది. మేడం నా వేలు పట్టుకుని పుస్తకం మీద పెట్టి చూసింది. నా వేలికి భూతద్దం అవసరమే లేకపోయింది. మిగతా పది మంది వేళ్ళనూ మీ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటిగా పోల్చి చూసుకుంది.

"లక్ష్మీకాంతమ్మ గారు చనిపోయింది ఎప్పుడు?" అని అడిగింది. మా ఆయన అసలు ధ్రువపత్రం ఇచ్చాడు. నేను మేనేజరు మరచిపోయిన కాగితం దాని పక్కన పెట్టాను. అది చూసి మేనేజరు ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు.

అంతా అయిందనుకుంటే మేడం ఒక సులువు చెప్పింది. జాబితా మార్చడం పెద్ద పని కనుక, లక్ష్మీకాంతమ్మ అలియాస్ శాంతకుమారి అని రాసేస్తే భృతి వెంటనే మొదలవుతుందట. తోటివాళ్ళు నా ముఖం చూశారు. నిజం చెబుతున్నాను సార్, నోటి దాకా సరే అని వచ్చింది. ఇంట్లో బియ్యం డబ్బా నాకు తెలుసు. కానీ ఆ మాట బయటికి రాలేదు.

"అలియాస్ అని దొంగలకు రాస్తారు మేడం. నేను దొంగను కాదు. మా యత్తా కాదు. ఆమె చేసినన్నాళ్ళు ఆమెకు రాయండి, నేను చేసినన్నాళ్ళు నాకు రాయండి. ఆలస్యమైనా ఉంటాం" అన్నాను. మాబున్ని కింద కూర్చుంది. ఆమె వెనకాలే మిగతావాళ్ళూ కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు.

మూడు గంటలకు మేడం కొత్త కాగితం తెప్పించింది. ఒక్కొక్కరికి రెండు వరుసలు రాయించి పైకి చదివింది. లక్ష్మీకాంతమ్మ, 1982 నుంచి 2005. శాంతకుమారి, 2005 నుంచి 2022. ఆ రెండు వరుసలు విని మా ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం ఏడవలేదు. పెన్ను అడిగి నా సంతకం పెట్టాను, పొల్లు కూడా పోకుండా.

మీ వల్ల అయింది సార్. మీ కొడుక్కు చెప్పండి, వాడు నా బిడ్డ లాంటివాడని.

శాంతకుమారి

*

పులివెందుల,
అక్టోబరు 9

శాంతకుమారికి,

కొత్త జాబితా వచ్చిందనీ, నీకు మొదటి నెల భృతి పడిందనీ రవిశంకర్ రాసి చూపించాడు. చాలా సంతోషం.

వాడి పని పోయింది. అనుకున్నదే. ముద్దనూరు రోడ్డులో ఒక ఎరువుల కొట్టులో చేరాడు, జీతం సగం. నన్ను ఒక్కమాట అనలేదు.

నాకు కూడా ఒక గౌరవం దక్కింది. షావుకారు వకీలు దగ్గర నుంచి నోటీసు. మీ అత్తలకూ తల్లులకూ అప్పట్లో తీర్చాల్సిన లెక్కలు ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకున్నాయి కదా. అందుకని, ఆ పేర్లన్నీ నేనే యజమానికి తెలియకుండా సొంతంగా తప్పుగా రాశానట. పోలీసు కేసు పెడతారట. నెలాఖరున జమ్మలమడుగులో నన్నూ విచారిస్తారు. ముప్పై రెండేళ్ళు ఆయన చెప్పింది రాసినవాడిని, ఇప్పుడు నా అంతట నేను ఒక్క వాక్యం రాసినందుకు ఇది.

భయం లేదని బడాయి పోను. రాత్రి ఆ నోటీసు మళ్ళీ మళ్ళీ చదివాను. కానీ కాల్చి ఉంటే బాగుండేదని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. పొరపాటున కూడా నువ్వు ఇందులోకి రావద్దు. నీ భృతికి మళ్ళీ ఏదో అడ్డం పెడతారు. నేను రాసింది నేనే మోస్తాను.

కోదండపాణి

*

ప్రొద్దుటూరు,
అక్టోబరు 15

కోదండపాణి సారుకు,

రావద్దని రాశారు. మీ మాట విని ఒకసారి పదిహేడేళ్ళు పోగొట్టుకున్నాను, ఇంక వినను.

మీ ఉత్తరం పదకొండు మందికీ చదివి వినిపించాను. మాబున్ని ఇంటి ముందు కూర్చుని చాలాసేపు వాదులాడుకున్నాం. మీ మీద ఇంకా మంట ఉన్నవాళ్ళు ఉన్నారు. "ఆయప్ప చేతితోనే గదా మన నోట్లో మన్ను పడింది, అనుభవించనీలే" అని ఒకామె గట్టిగానే అంది. నేను కాదనలేదు. మీరు రాశారు, తప్పే రాశారు. అది మేము దాచం. విచారణలో మమ్మల్ని అడిగితే, ఈయన ఏ తప్పూ చేయలేదని మాలో ఒక్కరం కూడా చెప్పం. అబద్ధాల వల్ల మేము పడింది చాలు.

కానీ మీరు ఒంటరిగా రాయలేదు. నేను మీ ముందు నిలబడిన రోజు షావుకారు మీ వెనక కుర్చీలోనే ఉన్నాడు. మీరు నన్ను లక్ష్మీకాంతమ్మను చేస్తే అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. ఆ నవ్వే తాను చేరిన రోజూ విన్నానని మాబున్ని అంది, మిగతా తొమ్మిది మందీ అదే అన్నారు. ఎవరు చేరిన రోజు ఆయన ఎక్కడ కూర్చున్నాడో, ఏమన్నాడో, అందరమూ విడివిడిగా కాగితాల మీద రాసుకున్నాం. రాయలేనివాళ్ళకు నేను రాసిపెట్టి చదివి వినిపించాను. కింద ఎవరి పేరు వాళ్ళదే.

భృతికి అడ్డం పెడతారని మీరు రాశారు. ఆపనివ్వండి, మళ్ళీ పోయి కూర్చుంటాం. కూర్చునే పనిలో మాకు మించినవాళ్ళు ఈ జిల్లాలో లేరు.

విచారణ రోజు కూర్చున్నంతసేపూ మీ పుస్తకాలన్నీ నేను తిరగేశాను సార్. మా అత్తల పేర్లున్నాయి, మా వేళ్ళున్నాయి, మీ చేతిరాత ఉంది. రాయించినవాడి పేరు మాత్రం ముప్పై రెండేళ్ళలో ఒక్క చోట కూడా లేదు. నెలాఖరున మీరు బస్సు దిగేసరికి మేము ఆఫీసు ముందు ఉంటాం. మీకు వినపడకపోయినా పర్వాలేదు. పదకొండు మందిమీ ఒకరి తర్వాత ఒకరం లేచి ఆ పేరు చెప్తాం, వాళ్ళు రాసుకునే దాకా చెప్తాం.

శాంతకుమారి